ఏ ఊరి సేరు, ఏ ఊరి అంకణం?

కొలతల మార్పిడి గురించి కొన్ని నెలలుగా అందిన ఉత్తరాలను ఒకచోట చేర్చి, ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాము. వీటిని చదువుతున్నప్పుడు ఒక విషయం స్పష్టమైంది. ఉత్తరాలు రాసినవారిలో లెక్క చేయడం రానివారు ఒక్కరూ లేరు. దాదాపు అందరూ చిక్కుకున్నది, ఒకే పేరుతో రెండు చోట్ల రెండు పరిమాణాలు చలామణిలో ఉండటం వల్లనే. అందుచేత ప్రతి సమాధానంలోనూ గుణించవలసిన అంకె కన్నా ముందు, ఆ పేరు ఎక్కడిది, ఏ పద్ధతికి చెందినది అన్న సంగతి చెప్పడానికి ప్రయత్నించాను.

ప్రశ్న: అయ్యా, మా తమ్ముడు సూర్యాపేట వైపు పొలం కొనడానికి బేరం కుదుర్చుకున్నాడు. అమ్మే రైతు చూపిన కాగితంలో విస్తీర్ణం 3-20 అని ఉంది. మేము దాన్ని మూడు ఎకరాల ఇరవై సెంట్లుగా భావించి డబ్బు సిద్ధం చేసుకున్నాము. ఆయన మాత్రం మూడున్నర ఎకరాలకు లెక్క కట్టి అడుగుతున్నాడు. ఇందులో మోసం ఏమైనా ఉందా? (ఏలూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మోసం ఏమీ లేదు, రైతు చెప్పిన లెక్కే సరైనది. తెలంగాణలో ఎకరాన్ని 40 గుంటలుగా విభజిస్తారు. కోస్తాలోనూ రాయలసీమలోనూ 100 సెంట్లుగా విభజిస్తారు. ఎకరం మాత్రం రెండు చోట్లా ఒకటే: 4,840 చదరపు గజాలు, అంటే 43,560 చదరపు అడుగులు. కాబట్టి సూర్యాపేట కాగితంలోని 3-20 అంటే మూడు ఎకరాల ఇరవై గుంటలు. ఇరవై గుంటలంటే సగం ఎకరం. అదే అంకెను మీ ఏలూరులో రాస్తే మూడు ఎకరాల ఇరవై సెంట్లు అవుతుంది. ఈ రెంటికీ తేడా 30 సెంట్లు, లేదా 12 గుంటలు, లేదా 1,452 చదరపు గజాలు. ఎకరం ధర ముప్పై లక్షలనుకుంటే ఆ తేడా విలువే తొమ్మిది లక్షలు.

మార్చుకునే పద్ధతి చాలా సులువు. గుంటలను రెండున్నరతో గుణిస్తే సెంట్లు వస్తాయి. సెంట్లను రెండున్నరతో భాగిస్తే గుంటలు వస్తాయి. ఒక గుంటకు 121 చదరపు గజాలు, ఒక సెంటుకు 48.4 చదరపు గజాలు. అయితే కూడికల దగ్గర చాలామంది పొరబడతారు. రెండు సర్వే నంబర్లలో 1-25, 2-30 చొప్పున భూమి ఉంటే, కాలిక్యులేటరులో చుక్కపెట్టి కూడినప్పుడు 3.55 అని వస్తుంది. నలభై గుంటలకు ఎకరం పూర్తవుతుంది కాబట్టి అసలు జవాబు 4-15, నాలుగు ఎకరాల పదిహేను గుంటలు. గంటలను, నిమిషాలను కూడేటప్పుడు అరవై దాటగానే గంటకు చేర్చినట్టే ఇక్కడ నలభై దాటగానే ఎకరానికి చేర్చాలి. ఈ కారణంగానే పాత గుమాస్తాలు ఎకరాలకు, గుంటలకు మధ్య చుక్క పెట్టకుండా అడ్డగీత గీసేవారు. ఆ అలవాటు మంచిదని నా అభిప్రాయం. ఇప్పుడు చాలా కాగితాల్లో అడ్డగీత పోయి చుక్క వచ్చింది, దానితో తికమక కూడా పెరిగింది.

కాగితం చూడగానే గుర్తుపట్టడానికి ఒక చిన్న ఆనవాలు ఉంది. రెండవ అంకె 39 దాటి ఉంటే అది గుంటలు కావడానికి వీల్లేదు, సెంట్లే. 39 లోపు ఉంటే మాత్రం ఏదైనా కావచ్చు కనుక, పట్టిక పైన గడిలో ‘ఎ. గుం.’ అని ఉందో ‘ఎ. సెం.’ అని ఉందో చూసుకోవాలి.

ఈ భేదం ఎందుకు వచ్చిందో కూడా చెబుతాను. 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గుంటర్ అనే ఆంగ్లేయ గణితవేత్త 66 అడుగుల పొడవూ 100 లింకులూ గల గొలుసును భూమి కొలవడానికి వాడుకలోకి తెచ్చాడు. పది గొలుసుల పొడవు, ఒక గొలుసు వెడల్పు గల నేల ఒక ఎకరం. మద్రాసు రాజధాని సర్వేలో ఈ గొలుసునే వాడారు. అందులో ఎకరానికి లక్ష చదరపు లింకులు వస్తాయి కనుక దశాంశ పద్ధతిలో సెంటు సహజంగా కుదిరింది. బొంబాయి పద్ధతిలో దీనికి సగం పొడవున్న 33 అడుగుల గొలుసును వాడేవారు. ఆ గొలుసుతో చతురస్రం గీస్తే 33 ఇంటూ 33, అంటే 1,089 చదరపు అడుగులు, సరిగ్గా ఒక గుంట. నిజాం రాజ్యంలో భూమి సర్వే బొంబాయి పద్ధతిని అనుసరించింది. రాష్ట్రాలు కలిసినా, విడిపోయినా ఆ రెండు గొలుసుల ఆనవాళ్లు కాగితాల మీద అలాగే మిగిలాయి.

హెక్టార్లలో కావాలంటే, ఒక హెక్టారుకు 2.471 ఎకరాలు: మీ లెక్కలో 2 ఎకరాల 47 సెంట్లు, సూర్యాపేట లెక్కలో సుమారు 2 ఎకరాల 19 గుంటలు. ప్రభుత్వ లెక్కల్లో సన్నకారు రైతు అంటే ఒక హెక్టారు లోపు, చిన్నకారు రైతు అంటే ఒకటి నుంచి రెండు హెక్టార్ల మధ్య భూమి గలవారు కాబట్టి ఈ అంకెను గుర్తుంచుకోవడం మంచిది.

ప్రశ్న: మా పొలం పాత పటంలో ఒక పక్క కొలత 250 అని రాసి ఉంది. టేపు పట్టి కొలిస్తే 165 అడుగులే వస్తోంది. పక్క పొలం వారు 85 అడుగులు కలుపుకున్నారని మా నాన్నగారు పట్టుబడుతున్నారు. (తెనాలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పక్క పొలం వారితో తగువుకు వెళ్లే ముందు పై సమాధానంలోని గొలుసును మరొక్కసారి గుర్తుచేసుకోండి. మద్రాసు కాలపు పటాల్లో కొలతలు అడుగుల్లో ఉండవు, లింకుల్లో ఉంటాయి. 66 అడుగులకు 100 లింకులు కాబట్టి ఒక లింకు 0.66 అడుగు, అంటే సుమారు 20 సెంటీమీటర్లు. 250 లింకులను 0.66తో గుణిస్తే 165 అడుగులు వస్తుంది. మీ పొలం అంగుళం కూడా తగ్గలేదు. తర్వాతి కాలపు పటాల్లో కొలతలు మీటర్లలో ఉంటాయి; అటువంటి పటంలో ఇదే పక్కకు 50.3 అని కనిపిస్తుంది. ఒకే పొలానికి 250, 165, 50.3 అన్న మూడు అంకెలూ సరైనవే అన్న సంగతిని నాన్నగారికి నెమ్మదిగా వివరించండి.

ప్రశ్న: నెల్లూరులో మా అక్కకు 40 అంకణాల స్థలం ఉంది. తిరుపతిలో నేను కూడా 40 అంకణాలే కొన్నాను. అక్క స్థలంలో రెండు ఇళ్లు పట్టాయి, నాదాంట్లో ఒకటే పడుతోంది. ఎందుకు? (తిరుపతి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు అంకణం 36 చదరపు అడుగులు. కనుక మీ అక్కగారిది 320 చదరపు గజాల స్థలం, మీది 160 చదరపు గజాల స్థలం. నెల్లూరు లెక్కన ఎకరానికి 605 అంకణాలు, తిరుపతి లెక్కన 1,210 అంకణాలు. అమ్మేవారు అంకణాల్లో ధర చెబితే, అది ఎన్ని అడుగుల అంకణమో అడిగి, దస్తావేజులో చదరపు గజాలు, చదరపు మీటర్లు రాయించుకున్న తర్వాతే ముందుకు వెళ్లడం క్షేమం.

మీ ఉత్తరం చివర, గజానికి మూడు అడుగులు కాబట్టి చదరపు గజానికి కూడా మూడు చదరపు అడుగులే కదా అని అడిగారు. కాదు. చదరపు గజం అంటే మూడు అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు గల చోటు, అందులో తొమ్మిది చదరపు అడుగులు ఉంటాయి. మీటరుకు 3.28 అడుగులైనా చదరపు మీటరుకు 10.76 చదరపు అడుగులు కావడానికి కారణం కూడా ఇదే.

ప్రశ్న: మా 267.5 గజాల ఇంటి స్థలానికి పాత దస్తావేజులో 222.03 చదరపు మీటర్లని, కొత్త దస్తావేజులో 223.66 చదరపు మీటర్లని రాశారు. స్థలం పెరిగిందా? (హన్మకొండ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: స్థలం పెరగలేదు, గుణకంలో అంకెలు పెరిగాయి. గజం అంటే 0.9144 మీటరు అని 1959లో అంతర్జాతీయంగా స్థిరపడింది; దాన్ని అదే అంకెతో గుణిస్తే చదరపు గజానికి 0.8361 చదరపు మీటరు వస్తుంది. మీ పాత దస్తావేజు రాసినవారు 0.83 దగ్గరే ఆపి గుణించారు, కొత్తవారు నాలుగు స్థానాల వరకు వెళ్లారు. ఆ కత్తిరింపు వల్ల కాగితం మీద మీకు దాదాపు రెండు గజాలు తగ్గాయి. మధ్యలో అంకెలను కుదించకుండా, చివరికి వచ్చిన జవాబునే ఒకటి రెండు స్థానాలకు సవరించుకుంటే ఇటువంటి చిక్కు రాదు.

ప్రశ్న: మా అమ్మమ్మ రాసిపెట్టుకున్న నోటుపుస్తకం దొరికింది. ఆవకాయకు ‘వీశెడు ముక్కలు, పదలం కారం, పదలం ఆవపిండి, పదలానికి కొంచెం తక్కువ ఉప్పు, తవ్వెడు నూనె’ అని రాసి ఉంది. నేటి కొలతల్లో ఎంతెంత? మా అత్తగారిది నిజామాబాద్. సేరు అంటే కిలోకు కొంచెం తక్కువని ఆవిడ అంటారు. మా అమ్మమ్మ పుస్తకంలో సేరు అంత ఉన్నట్టు లేదు. (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఈ ఉత్తరం చదివి చాలా సంతోషించాను, ఎందుకంటే మీ అమ్మమ్మగారు, అత్తగారు ఇద్దరూ సరైన మాటే చెబుతున్నారు.

రెండు పద్ధతులకూ మూలం తులం. పాత తులం 11.66 గ్రాములు. గోదావరి జిల్లాల్లో వాడిన మద్రాసు పద్ధతిలో మూడు తులాలు ఒక పలం, ఎనిమిది పలాలు ఒక సేరు, ఐదు సేర్లు ఒక వీశె, ఎనిమిది వీశెలు ఒక మణుగు. ఆ లెక్కన పలం 35 గ్రాములు, సేరు 280 గ్రాములు, వీశె 1 కిలో 400 గ్రాములు, మణుగు సుమారు 11 కిలోల 200 గ్రాములు. దీన్ని కచ్చా సేరు అనేవారు. మీ అత్తగారు చెప్పేది పక్కా సేరు, అంటే 80 తులాల సేరు, 933 గ్రాములు. ఉత్తరాదిన ఇటువంటి సేర్లు నలభై కలిస్తే మణుగు, అది 37 కిలోల పైచిలుకు. పాత కథల్లో మణుగుల లెక్కన బంగారమూ బియ్యమూ కనిపించినప్పుడు, కథ ఏ ప్రాంతానిదో తెలియకపోతే బరువు మూడింతలకు పైగా తేడా వస్తుంది.

ఇక మీ ఆవకాయ. పదలం అంటే పది పలాలు, వీశెలో నాలుగవ వంతు. ముక్కలు 1 కిలో 400 గ్రాములు, కారం 350 గ్రాములు, ఆవపిండి 350 గ్రాములు, ఉప్పు ఒక 300 గ్రాములు అనుకోండి. ఈ అంకెల్లో దాగి ఉన్న నిష్పత్తిని గమనించారా? నాలుగు పాళ్ల ముక్కలకు ఒక పాలు కారం, ఒక పాలు పిండి. మీరు రెండు కిలోల ముక్కలు కోస్తే అరకిలో కారం, అరకిలో పిండి వేస్తే చాలు. వీశెను గ్రాముల్లోకి మార్చే పనే ఉండదు.

నూనె సంగతి వేరు. తవ్వ బరువు కొలత కాదు, కొలపాత్ర. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. ఈ వరుస చాలా చోట్ల ఒకటే అయినా, అసలు మానికలో ఎంత పడుతుందన్నది ప్రాంతాన్ని బట్టి, ఒక్కోసారి ఊరిని బట్టి మారేది. అందుకని పుస్తకంలో చూసి తవ్వకు ఇన్ని మిల్లీలీటర్లని చెప్పడం నాకు సమ్మతం కాదు. మీ ఇంట్లో అటక మీద ఆ ఇత్తడి తవ్వ ఇంకా ఉంటే, దాన్ని నీటితో నింపి, ఆ నీటిని మిల్లీలీటర్ల గీతలున్న పాత్రలో పోసి చూడండి. మీ అమ్మమ్మగారి తవ్వ ఎంతో అదే చెబుతుంది. తవ్వ లేకపోతే, జాడీలో ముక్కల మీద నూనె తేలేదాకా పోయండి. కొలపాత్ర ఉన్న రోజుల్లోనూ చివరికి అందరూ చూసుకున్నది అదే.

మరొక జాగ్రత్త కూడా చెప్పాలి. సోలెడు ఉప్పు బరువు, సోలెడు కారం బరువు ఒకటి కావు. పాత్రతో కొలిచినదాన్ని గ్రాముల్లోకి మార్చాలంటే ఏ పదార్థమన్నది తెలియాలి. వంటల పుస్తకాల్లో ‘ఒక కప్పు’ను అన్నిటికీ ఒకే గ్రాముల్లో రాసేవారు ఈ సంగతి మరచిపోతుంటారు.

మన దేశంలో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం 1956లో వచ్చింది, 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూకాలు దశలవారీగా అమలయ్యాయి. అంతకు ముందే, 1957 ఏప్రిల్ 1 నుంచి అణాల స్థానంలో నయాపైసలు వచ్చాయి. అంటే మీ అమ్మమ్మగారి తరం వారు రెండేళ్ల వ్యవధిలో డబ్బు లెక్కనూ తూకం లెక్కనూ మార్చుకోవలసి వచ్చింది. వారు వంట పుస్తకాన్ని మార్చకుండా వదిలేశారంటే అర్థం చేసుకోవచ్చు. ‘సేరుకు సవాసేరు’ అన్న మాటను మనం ఇప్పటికీ వాడుతూనే ఉన్నాము, సవాసేరు అంటే సేరుంబావు అని తెలియకపోయినా.

ప్రశ్న: దుబాయి నుంచి మా అబ్బాయి పది తులాల బంగారం బిళ్ల తెచ్చాడు. మా ఊరి కంసాలి తూచి, ఇది పదకొండు తులాలకు పైనే ఉందంటున్నాడు. ఎవరో ఎక్కువ ఇచ్చారా? (కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఎవరూ ఎక్కువ ఇవ్వలేదు. గల్ఫ్ దేశాల్లో తయారయ్యే పది తులాల బిళ్ల పాత తులం లెక్కన ఉంటుంది, బరువు 116.64 గ్రాములు. మన దుకాణాల్లో ఇప్పుడు తులమంటే పది గ్రాములే. అందువల్ల అదే బిళ్ల ఇక్కడ 11.66 తులాలు అవుతుంది. మీరు అక్కడ చెల్లించిన ధర కూడా 116.64 గ్రాములకే. పాత వీలునామాల్లో, పెళ్లి ఒప్పందాల్లో ‘ఇరవై తులాలు’ అని ఉన్నప్పుడు కూడా ఇదే ప్రశ్న తలెత్తుతుంది: పాత లెక్కకు, కొత్త లెక్కకు ఇరవై తులాల మీద 33 గ్రాముల పైచిలుకు తేడా ఉంటుంది. టీవీలో వచ్చే అంతర్జాతీయ ధర ఔన్సులో ఉంటుంది. బంగారానికి వాడే ట్రాయ్ ఔన్సు 31.1 గ్రాములు, కిరాణా సరుకులకు వాడే మామూలు ఔన్సు 28.35 గ్రాములు. సవర లేదా కాసు ఎనిమిది గ్రాములు.

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదువుతున్నాను. పత్రికలో ‘శ్రీశైలానికి లక్ష క్యూసెక్కుల వరద’ అని, పక్కనే ‘సాగర్‌లో ఇన్ని టీఎంసీల నిల్వ’ అని చదువుతుంటాను. క్యూసెక్కులను టీఎంసీల్లోకి మార్చడం ఎలా? (మిర్యాలగూడ నుంచి ఒక విద్యార్థిని)

జవాబు: నేరుగా మార్చలేము, మధ్యలో కాలం ఉండాలి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీటి ప్రవాహం. టీఎంసీ అంటే శతకోటి ఘనపుటడుగుల నీటి పరిమాణం. మొదటిది కుళాయి ధార వంటిది, రెండవది బిందెలో నీరు వంటిది. ధార ఎంతసేపు పడిందో చెప్పకుండా బిందె నిండిందా అని అడగలేము కదా. ‘ఐదు లక్షల క్యూసెక్కుల నీరు సముద్రం పాలైంది’ అని రాసినవారు గంటసేపా, రోజంతానా అన్నది చెప్పకపోతే ఆ వాక్యానికి అర్థం పూర్తి కాదు.

రోజుకు 86,400 సెకన్లు. శతకోటిని దానితో భాగిస్తే 11,574 వస్తుంది. కాబట్టి 11,574 క్యూసెక్కుల ప్రవాహం ఇరవైనాలుగు గంటలు కొనసాగితే ఒక టీఎంసీ. లక్ష క్యూసెక్కులైతే రోజుకు 8.64 టీఎంసీలు, 50 వేలైతే 4.32. జలాశయంలో 100 టీఎంసీల ఖాళీ ఉండి, కిందికి ఏమీ వదలకుండా లక్ష క్యూసెక్కులు వస్తూ ఉంటే, నిండటానికి పదకొండున్నర రోజులు పైనే పడుతుంది.

ఒక టీఎంసీ ఎంత ఉంటుందో కళ్లకు కట్టాలంటే రెండు దారులున్నాయి. మొదటిది పొలం దారి. ఎకరానికి 43,560 చదరపు అడుగులని మొదటి ఉత్తరానికి జవాబులో చెప్పాను. శతకోటిని ఆ అంకెతో భాగిస్తే దాదాపు 22,957 వస్తుంది. అంటే ఒక టీఎంసీ నీటిని దాదాపు 23 వేల ఎకరాల మీద అడుగు ఎత్తున నిలబెట్టవచ్చు. ఒక క్యూసెక్కు రోజంతా పారితే సుమారు రెండు ఎకరాల్లో అడుగు నీరు నిలుస్తుందన్న లెక్క కూడా ఇందులోంచే వస్తుంది. రెండవది నగరం దారి. ఒక టీఎంసీ 2,831 కోట్ల లీటర్ల పైచిలుకు. తలసరి రోజుకు 135 లీటర్లన్న పట్టణ ప్రమాణం చొప్పున కోటిమందికి ఇది దాదాపు మూడు వారాలు వస్తుంది.

పరీక్షలో పనికివచ్చే మరొక సంగతి ఉంది. నాగార్జునసాగర్ పూర్తి స్థాయి నీటిమట్టం 590 అడుగులు, నిల్వ 312 టీఎంసీలు అని చదివి, సగటున అడుగుకు అర టీఎంసీ పైచిలుకు అని భాగహారం చేయకండి. 590 అడుగులన్నది నీటి లోతు కాదు, సముద్ర మట్టం నుంచి లెక్కించిన ఎత్తు. పైగా జలాశయం గిన్నె ఆకారంలో ఉంటుంది కనుక అడుగున ఒక అడుగులో పట్టే నీటికన్నా పైన ఒక అడుగులో పట్టే నీరు చాలా ఎక్కువ. అడుగులను టీఎంసీల్లోకి మార్చే గుణకమంటూ ఏదీ లేదు, ప్రతి జలాశయానికీ ఇంజనీర్లు తయారుచేసిన పట్టిక చూడవలసిందే.

ప్రశ్న: లండన్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరకు వచ్చాము. ఇక్కడ యంత్రంలో మావారి చక్కెర 7.2 అని చూపిస్తోంది. గుంటూరులో ఎప్పుడూ నూటపాతిక, నూటనలభై ఉండేది. కంగారుగా ఉంది. (ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, కంగారుపడవద్దు. మన దేశంలో రక్తంలోని చక్కెరను డెసీలీటరుకు ఎన్ని మిల్లీగ్రాములని చెబుతారు. బ్రిటన్‌లో లీటరుకు ఎన్ని మిల్లీమోల్‌లని చెబుతారు. అక్కడి అంకెను 18తో గుణిస్తే మన అంకె వస్తుంది, కాబట్టి 7.2 అంటే సుమారు 130. ఆ 7.2 మన మిల్లీగ్రాముల్లో అయి ఉంటే మీవారు స్పృహలోనే ఉండేవారు కాదు. పరగడుపున 100 అన్న మన హద్దు అక్కడ 5.6, మధుమేహ నిర్ధారణకు వాడే 126 అక్కడ 7.0.

ఈ 18ని అన్ని పరీక్షలకూ వాడకండి. అది గ్లూకోజు అణువు బరువును బట్టి వచ్చిన అంకె. కొలెస్ట్రాలు అణువు అంతకన్నా బరువైనది కనుక దానికి 38.67తో గుణించాలి. మూడు నెలల సగటు పరీక్షలో మన 6.5 శాతాన్ని అక్కడ 48 అని రాస్తారు. దానికి గుణకారం ఒక్కటే చాలదు, కనుక వైద్యులనే అడగండి. మందు మోతాదు మార్చుకోవడానికి మాత్రం ఈ శీర్షికను ఆధారం చేసుకోవద్దు.

ప్రశ్న: భూతాపం 1.5 డిగ్రీల సెల్సియస్ పెరగడం గురించి చెబుతుండగా, ఫారన్‌హీట్‌లో ఎంతని అడిగితే మా విద్యార్థులందరూ 34.7 అని రాశారు. సూత్రం ప్రకారం తప్పు కనిపించడం లేదు. (విజయనగరం నుంచి ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: వారు సూత్రాన్ని సరిగానే వాడారు, వాడకూడని చోట వాడారు. 1.8తో గుణించి 32 కలపడం ఒక ఉష్ణోగ్రతను మార్చడానికి: 37 డిగ్రీల సెల్సియస్ 98.6 ఫారన్‌హీట్ అయ్యేది అలాగే. పెరుగుదల అంటే రెండు ఉష్ణోగ్రతల మధ్య తేడా. ఆ రెంటికీ 32 కలుస్తుంది కనుక తీసివేతలో అది పోతుంది. 1.5ను 1.8తో గుణించి 2.7 అని రాయాలి. రెండు కొలమానాల సున్నాలు వేర్వేరు చోట్ల ఉండటమే దీనికి మూలం. మైనస్ 40 దగ్గర రెండూ కలుస్తాయన్న సంగతిని పిల్లల చేతనే కనిపెట్టించండి, సరదాగా ఉంటుంది.

ప్రశ్న: అమెరికాలో మా మనవడి కారు గ్యాలనుకు 28 మైళ్లు ఇస్తుందట. మన లెక్కలో ఎంత? (అనకాపల్లి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: లీటరుకు దాదాపు 12 కిలోమీటర్లు. అమెరికా గ్యాలను 3.785 లీటర్లు కనుక మైళ్ల అంకెను 0.425తో గుణించాలి. మీ మనవడు ఇంగ్లండులో ఉండి ఇదే మాట చెప్పి ఉంటే లీటరుకు పది కిలోమీటర్లకు కొంచెం తక్కువ అని చెప్పేవాణ్ణి, ఎందుకంటే బ్రిటిష్ గ్యాలను 4.546 లీటర్లు.

ప్రశ్న: ఒకటిన్నర టన్ను ఏసీ కొన్నాము. పాత ఇల్లు కదా, అంత బరువును గోడ మోస్తుందా అని మా మామగారు భయపడుతున్నారు. ఇద్దరు కుర్రవాళ్లు చేతులతో ఎత్తి బిగించారని చెప్పినా నమ్మడం లేదు. (ఒంగోలు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మామగారి సందేహం సహజమైనదే, ఎందుకంటే ఈ టన్ను నిజంగానే ఒకప్పుడు బరువు నుంచి పుట్టింది. యంత్రాలు రాకముందు గదులను, గిడ్డంగులను మంచుగడ్డలతో చల్లబరిచేవారు. 2,000 పౌండ్ల మంచు, అంటే ఒక అమెరికా టన్ను, ఇరవైనాలుగు గంటల్లో కరిగేటప్పుడు ఎంత వేడిని లాక్కుంటుందో అంత వేడిని లాగే సామర్థ్యాన్ని ఒక టన్ను అన్నారు. గంటకు 12,000 బీటీయూలు, లేదా సుమారు మూడున్నర కిలోవాట్లు అన్నా అదే. మీ ఏసీ రోజంతా ఆగకుండా నడిస్తే 3,000 పౌండ్ల మంచు, అంటే దాదాపు 1,360 కిలోల మంచు కరిగి చేసేంత పని చేస్తుంది. ఇక్కడ చెప్పిన కిలోవాట్లు లాగే వేడికి కొలత, కరెంటు వాడకానికి కాదు. బిల్లు దీనికన్నా చాలా తక్కువ యూనిట్ల మీదే వస్తుంది. గోడ మోయవలసిన అసలు బరువు ఎంతో పెట్టె మీద కిలోల్లో వేరుగా అచ్చువేసి ఉంటుంది, మామగారికి ఆ అట్టముక్కను చూపించండి.